షేరార్థ దీపిక: ఒక చతుష్పాద పోస్టుకు టీకా తాత్పర్యం

అవతారిక

వ్యాఖ్యాతలకు తెలుగు గడ్డ మీద ఏనాడూ కొదవ లేదు. మెదకు సీమ కొలిచెలమకు చెందిన మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు సంజీవని రాశాడు. చెడ్డ వ్యాఖ్యల విషం తలకెక్కి మూర్ఛపోయిన కవివాక్కును లేపి కూర్చోబెట్టడానికే ఆ పేరు పెట్టానన్నాడు. మూలంలో లేనిది ఒక్క ముక్క రాయననీ, అక్కర్లేనిది ఒక్క ముక్క చెప్పననీ ఒట్టు కూడా పెట్టుకున్నాడు. వేదం వేంకటరాయశాస్త్రిగారు అదే సంజీవని పేరుతో ఆముక్తమాల్యదకు వ్యాఖ్య సంతరించారు. వాళ్ళు చేపట్టినవన్నీ ప్రబంధాలు, మహాకావ్యాలు. నేడు తెలుగువాళ్ళు పొద్దున లేచింది మొదలు రాసేదీ, చదివేదీ, దాని మీద తన్నుకు చచ్చేదీ పోస్టు. ఇంత జనాదరణ ఉన్న ప్రక్రియకు లక్షణగ్రంథం లేదు, టీక లేదు, కనీసం పరీక్ష గైడు లేదు. ఆ లోటు తీర్చవలెనని ఈ ప్రయత్నం.

మూలం 2025 ఉగాది మర్నాడు వెలువడింది. కవి పేరు తెలియదు. ఆ వారం ఇంచుమించు ఇదే పద్యం ఎన్నో గోడల మీద అవే అచ్చుతప్పులతో కనబడింది కనుక దీన్ని ఒకరి రచన అనడం కంటే చాటువు అనడమే న్యాయం.

గ్రంథారంభంలో అనుబంధ చతుష్టయం చెప్పాలి. విషయం: అడవి, సినిమా. ప్రయోజనం: కవికి లైకులు, చదువరికి కాలక్షేపం. అధికారి, అనగా చదవడానికి అర్హుడు: డేటా మిగిలి ఉన్న ప్రతివాడూ. సంబంధం: కవికీ అడవికీ ఉన్న సంబంధం ఏమిటన్నది మూడో పాదం దాకా తేలదు. అక్కడ తేలిపోతుంది.

మూలం

సేవ్ కంచ గచ్చిబౌలి!! మనసు కలచివేసింది
జింకలేం చేశాయి పాపం? అందరూ షేర్ చేయండి ప్లీజ్
బైదవే ఫస్టాఫ్ ఓకే, సెకండాఫ్ ల్యాగ్, బీజీఎమ్ కేక
నా పర్సనల్ ఒపీనియన్ మాత్రమే, ఫ్యాన్స్ ఫీలవ్వొద్దు

ప్రతులు, పాఠభేదాలు

ఈ పద్యానికి మూడు ప్రతులు దొరికాయి. మొదటిది ఫేస్‌బుక్ ప్రతి. రెండోది వాట్సాప్ స్టేటస్ ప్రతి. దీని ఆయుర్దాయం 24 గంటలు. చెదలు పట్టేంత వ్యవధి కూడా లేదు. మూడోది స్క్రీన్‌షాట్ ప్రతి. ఇది ఎప్పుడూ కవికి గిట్టనివాళ్ళ ఫోన్లోనే భద్రంగా ఉంటుంది కాబట్టి పాఠ పరిష్కర్తకు అన్నిటికంటే నమ్మదగింది.

స్క్రీన్‌షాట్ ప్రతిలో మూడో పాదం “సెకండాఫ్ నరకం” అని ఉంది. ఫేస్‌బుక్ ప్రతిలో “ల్యాగ్” అని ఉంది, పక్కనే “ఎడిటెడ్” అన్న చిన్న అక్షరాలున్నాయి. మొదటి పాఠానికీ రెండో పాఠానికీ నడుమ గంట కూడా గడవలేదు. ఆ గంటలో హీరోగారి అభిమానులు కామెంట్లలోకి వచ్చి వెళ్ళారని ఊహించడానికి కొండంత ఆధారం ఉంది. నాలుగో పాదం ప్రక్షిప్తమని, తరువాత అతికించిందని కొందరి వాదం. మాకూ అదే సమ్మతం.

ఛందస్సు తేలలేదు. యతి లేదు, ప్రాస లేదు. ఆశ్చర్యార్థకాలు మాత్రం జంటగా ఉన్నాయి.

ప్రతిపదార్థం

సేవ్ = కాపాడుడు; కంచ గచ్చిబౌలి = హైదరాబాదుకు పడమట కేంద్రీయ విశ్వవిద్యాలయాన్ని ఆనుకొని సర్వే నంబరు 25లో ఉన్న 400 ఎకరాల చెట్టూ పుట్టా నేలను; మనసు = చిత్తము; కలచివేసింది = బొమ్మ చూసినంతసేపు కలతపెట్టినది; జింకలు = చుక్కల దుప్పులు, నిజమైనవీ కానివీ; ఏం చేశాయి = ఏ అపరాధము చేసినవి (కాకువు చేత ఏమియు చేయలేదని అర్థము); పాపం = అయ్యో (ఇక్కడ అవ్యయము; ఎవరిదన్నది విచారణలో ఉన్నది); అందరూ = నా ఫ్రెండ్స్ లిస్టులోని సమస్త జనులు; షేర్ చేయండి = పంచిపెట్టుడు; ప్లీజ్ = పాదపూరణము; బైదవే = అది అటుండగా; ఫస్టాఫ్ = విశ్రాంతికి ముందరి భాగము; ఓకే = టికెట్టు ధర తలచుకొని ఊరట చెందదగినది; సెకండాఫ్ = పాప్‌కార్న్ అయిపోయిన తరువాతి భాగము; ల్యాగ్ = సాగతీత, అనగా ఫోన్ తీసి చూసుకోదగినది; బీజీఎమ్ = నేపథ్య సంగీతము; కేక = అద్భుతము (చెవులకు పట్టిన గతియని కొందరు); పర్సనల్ ఒపీనియన్ = మూడు రివ్యూలు చదివిన పిమ్మట కలిగిన స్వాభిప్రాయము; ఫ్యాన్స్ = భక్తులు; ఫీలవ్వొద్దు = నొచ్చుకొనవలదు, నన్ను నొప్పింపనూ వలదు.

ప్రథమ పాద వ్యాఖ్య

కావ్యానికి శ్రీకారం ఎట్లాగో ఈ ప్రక్రియకు “సేవ్” అట్లాగ. దాని ముందు # గుర్తు పెట్టడం ఆచారం. 2007 ఆగస్టులో క్రిస్ మెసీనా అనే ఆయన, ఒకే సంగతి మాట్లాడుకునేవాళ్ళను ఒకచోట చేర్చడానికి ఆ గుర్తు పనికొస్తుందని ట్విట్టర్‌లో సూచించాడు. తెలుగునాట దాని బలం 2019లో బాగా తెలిసొచ్చింది. ఆ ఏడాది మేలో నల్లమలలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం అన్వేషణకు కేంద్ర అటవీ సలహా సంఘం సూత్రప్రాయంగా ఒప్పుకుంది. సెప్టెంబరులో సేవ్ నల్లమల అంటూ పవన్ కల్యాణ్, విజయ్ దేవరకొండ, సమంత గొంతు కలిపారు. 16వ తేదీన తెలంగాణ శాసనసభ యురేనియం తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. ఇది చెప్పుకునేటప్పుడు జనం వరస మారుస్తుంటారు. తారలు పిలిస్తే నల్లమల లేవలేదు. చెంచులూ, అమ్రాబాద్ చుట్టుపట్ల పల్లెలవాళ్ళూ మాకొద్దని ముందే రోడ్డెక్కారు. ఆ మాట తారల నోట పడేసరికి హైదరాబాదుకు వినబడింది.

“మనసు కలచివేసింది” అన్నచోట స్థల నిర్ణయం చేయాలి. పోస్టు నెత్తిన “ఫీలింగ్ హార్ట్‌బ్రోకెన్” అని ఉంది. దాని పక్కనే సైబర్ టవర్స్ దగ్గరి ఒక మల్టీప్లెక్సు పేరుతో చెకిన్ ఉంది. కనుక కవి మనసు కలత చెందినది విశ్రాంతి సమయంలో, పాప్‌కార్న్ వరసలో. ఇందులో ఒక ధ్వని ఉంది, కవి ఉద్దేశించి ఉండడు. 1998లో సైబర్ టవర్స్ తెరిచేనాటికి ఆ చుట్టుపక్కలంతా బండరాళ్ళూ పొదలే. కవి నిలబడి కలత చెందిన టైల్స్ కింద కూడా ఒక కంచ ఉంది. దానికి ఎవరూ సేవ్ అనలేదు. అప్పటికి ఫేస్‌బుక్ పుట్టలేదు.

ద్వితీయ పాద వ్యాఖ్య

పద్యానికి గుండెకాయ ఇదే కనుక ఇక్కడ కాసేపు ఆగాలి. ముందు సందర్భం. ఈ 400 ఎకరాలను 2004లో అప్పటి ప్రభుత్వం క్రీడా సదుపాయాల పేరుతో ఐఎంజీ భారత అనే సంస్థకు ఇచ్చింది. 2006లో తరువాతి ప్రభుత్వం రద్దు చేసింది. కోర్టు తగాదా సాగి సాగి 2024 మేలో సుప్రీంకోర్టులో రాష్ట్ర ప్రభుత్వం పక్షాన ముగిసింది. ఐటీ సంస్థలకోసం భూమిని సిద్ధం చేసే పని టీజీఐఐసీ అనే ప్రభుత్వ సంస్థ చేతికొచ్చింది. 2025 మార్చి 30, ఉగాది పూట, జేసీబీలు దిగాయి. మర్నాడు రంజాన్. విద్యార్థులు అడ్డం పడ్డారు, పోలీసులు వ్యానుల్లో ఎక్కించుకుపోయారు. చీకట్లో లైట్లు వేసుకుని చెట్లు కూలుస్తుంటే నెమళ్ళు అరిచిన అరుపులు ఫోన్లలో రికార్డయి ఊరంతా తిరిగాయి.

ఇంతవరకూ జరిగిన సంగతి. ఇక మన కవి చూసిన సంగతి. జేసీబీలు దిగడానికి అయిదు రోజుల ముందే, మార్చి 25న, చాట్‌జీపీటీలో బొమ్మలు గీసే కొత్త సదుపాయం వచ్చింది. జనం పెళ్ళి ఫొటోలనూ పిల్లల ఫొటోలనూ జపాన్‌లోని జిబ్లీ స్టూడియో సినిమా బొమ్మల్లాగా మార్చుకుని మురిసిపోతున్నారు. ఆ ఊపులో కంచ గచ్చిబౌలి కూడా జిబ్లీ అయింది. క్యాంపస్‌లోని మష్రూమ్ రాక్, దాని ముందు బుల్డోజర్లు, ఎదురుగా నెమళ్ళూ రెండు జింకలూ. మన పద్యం కింద ఉన్నది అలాంటి బొమ్మే.

శంక: జింకలు అసలు ఉన్నాయా? సమాధానం: ఉన్నాయి. చుక్కల దుప్పులు, నెమళ్ళు, నక్షత్ర తాబేళ్ళు అక్కడ నిజంగానే తిరుగుతాయి. మరి నిజమైన జింకకు నిజమైన ఫొటో ఉండగా కట్టుబొమ్మ దేనికి? నిజమైన జింక కెమెరా వైపు తిరిగి కన్నీరు పెట్టదు గనుక. అది గడ్డి మేస్తూ ఉంటుంది, లేదా పరుగెడుతూ ఉంటుంది. రెండింటికీ లైకులు తక్కువ.

ఈ ఉత్ప్రేక్షకు కంచ కట్టిన మూల్యం చిన్నది కాదు. ఏఐ బొమ్మలతో జనాన్ని తప్పుదోవ పట్టిస్తున్నారని చెప్పే వీలు ప్రభుత్వానికి దొరికింది. కూలిన చెట్లెన్ని అన్న ప్రశ్న పక్కకు పోయి, ఏడ్చిన జింక అసలుదా నకిలీదా అన్న చర్చ మొదలైంది. పోలీసులు కేసులు పెట్టారు. అలాంటి బొమ్మను షేర్ చేసిన ఒక ఐఏఎస్ అధికారిణికి ఏప్రిల్‌లో గచ్చిబౌలి పోలీసుల నోటీసు వచ్చింది. అదే బొమ్మను తనలాగా 2,000 మంది షేర్ చేశారని, వాళ్ళందరి మీదా చర్య ఉంటుందా అని ఆవిడ అడిగారు. న్యాయమైన ప్రశ్నే.

విశేషం: జిబ్లీ వ్యవస్థాపకుల్లో ఒకరైన హయావో మియజాకి 1997లో తీసిన ‘ప్రిన్సెస్ మోనోనోకె’ కథ అంతా అడవి దేవతలకూ, అడవిని నరికి ఇనుము కరిగించే ఊరికీ మధ్య యుద్ధమే. కంప్యూటరు తనంతట తాను కదిలించిన బొమ్మల్ని 2016లో ఎవరో చూపిస్తే ఆ పెద్దాయన అది ప్రాణానికే అవమానమని ముఖాన చెప్పాడు. ఆయన పద్ధతినే యంత్రంతో గీయించి, అడవి పోతోందని ఏడ్చాం. దీన్ని ఆలంకారికులు ఏమంటారో గాని, మామూలు జనం వడ్డించిన విస్తరిలో చెయ్యి కడుక్కోవడమంటారు.

“అందరూ షేర్ చేయండి” అన్నది విధివాక్యం. దీనికి హద్దులున్నాయి. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు తిరుగుతున్నారన్న వదంతులు ఫోన్ నుంచి ఫోన్‌కు పాకి అమాయకుల్ని కొట్టి చంపిన తరువాత, 2018లో వాట్సాప్ మన దేశంలో ఒక సందేశాన్ని ఒక దఫాలో అయిదు చోట్లకే పంపేలా కట్టడి చేసింది. మన కవి ఆ అయిదింటిలో ఒకటి ఫ్యామిలీ గ్రూపుకు వాడుకున్నాడు. అక్కడ నడిచిన సంవాదం ఇది:

పెద్దమ్మ: “చాలా బాగా రాశావు నాన్నా. జింకలు ముద్దొస్తున్నాయి. ఏ జూలో తీశారు?”

మరదలు: “బావా, ముందు సినిమా పేరు చెప్పు. ఆదివారానికి బుక్ చేయాలి.”

అత్తయ్య: “హ్యాపీ బర్త్‌డే రా, నిండు నూరేళ్ళు చల్లగా ఉండు.”

బాబాయి: “ఒరేయ్, అక్కడికి దగ్గర్లోనే కదా మన ఫ్లాటు. ఈ గొడవతో రేటు పెరుగుతుందా, పడుతుందా?”

కవి: “అయ్యో, అది కాదు బాబాయ్...”

గమనిక: ఈ సంవాదం మొత్తంలో భూమి ప్రస్తావన తెచ్చినవాడు బాబాయి ఒక్కడే.

తృతీయ పాద వ్యాఖ్య

“బైదవే” ఈ పద్యంలోకెల్లా సాహసమైన ప్రయోగం. పరస్పరం పొసగని రెండు రసాలు ఒకేచోట తేవలసి వస్తే నడుమ ఇంకో రసాన్ని అడ్డు పెట్టాలని ఆనందవర్ధనుడి మతం. అడవి కరుణం, బీజీఎమ్ కేక అద్భుతం. ఈ రెండింటి నడుమ కవి అడ్డు పెట్టింది బైదవే. రసం కాదు గాని పని జరిగింది.

రసాల మాట వచ్చింది కనుక చదువరి వైపు సౌకర్యాలు కూడా చూడాలి. ఫేస్‌బుక్ 2009లో లైకు ఒక్కటే ఇచ్చింది. 2016 ఫిబ్రవరిలో దానికి తోడు లవ్, హాహా, వావ్, శాడ్, యాంగ్రీ చేర్చింది. అనగా శృంగారం, హాస్యం, అద్భుతం, కరుణం, రౌద్రం. తొమ్మిదిలో అయిదు. వీర, భయానక, బీభత్సాలకు బొత్తాం లేదు. శాంతానికి అసలే లేదు. ఏమీ నొక్కకుండా పైకి తోసుకుపోవడమే శాంతం. మన పద్యాన్ని చదివినవాడికి మొదటి రెండు పాదాలకు శాడ్ నొక్కాలో, మూడో పాదానికి హాహా నొక్కాలో తెలియక చివరికి లైకు కొట్టాడు. లైకు ఏ రసం? మొహమాటం. భరతుడు చెప్పని పదో రసం.

అలాగని సినిమా పాదాన్ని తేలిక చేయరాదు. మన సమాజం మాట్లాడుకోలేని మాటలెన్నో సినిమా చాటున మాట్లాడుకుంటుంది. 2017 ఆగస్టులో ‘అర్జున్ రెడ్డి’ వచ్చినప్పుడు కాంగ్రెస్ నాయకుడు వి.హనుమంతరావుగారు బస్సు మీది ముద్దు పోస్టరు చింపారు. ఆ తరువాత ఇళ్ళల్లో, ఆఫీసు క్యాంటీన్లలో, ఫోన్లలో నడిచిన తగువు ఒక సినిమా గురించి మాత్రమేనా? మగవాడి కోపాన్ని ప్రేమ అనవచ్చునా, ఆడపిల్ల ఒప్పుకోలు ఎవరు అడగాలి అన్నవి అందులోంచే బయటికొచ్చాయి. విడిగా ఆ అంశం మీద సభ పెడితే కుర్చీలు నిండేవి కావు.

ఇంకా లోతుగా చూస్తే పద్యం మొత్తంలో నిక్కచ్చిగా ఉన్నది ఈ పాదమే. ఫస్టాఫ్ ఒక తీర్పు, సెకండాఫ్ ఒక తీర్పు, సంగీతానికి విడిగా ఇంకో తీర్పు. కవి టికెట్టు కొన్నాడు, మూడు గంటలు కూర్చున్నాడు, నచ్చిందాన్ని నచ్చిందనీ నచ్చనిదాన్ని నచ్చలేదనీ విడదీశాడు. అడవి దగ్గరకొచ్చేసరికి ఎకరాల లెక్క లేదు, కొట్టిస్తున్నదెవరో లేదు, అడ్డం పడిందెవరో లేదు. తర్కశాస్త్రం ప్రకారం సినిమాకు ప్రత్యక్ష ప్రమాణం ఉంది, అడవికి ఫార్వర్డు ప్రమాణం ఉంది. ఏ సినిమా అన్నది మాత్రం మూలంలో లేదు. అది దోషం కాదు; ఈ పాదం ఏ శుక్రవారానికైనా సరిపోతుంది.

చతుర్థ పాద వ్యాఖ్య

పూర్వకవులు గ్రంథాంతంలో తప్పులు మన్నించమని పెద్దలను వేడుకునేవారు. మన కవి ఫ్యాన్సును వేడుకున్నాడు. ఇక్కడ ఒక వింత చూడాలి. మొదటి రెండు పాదాల్లో ఒక రాష్ట్ర ప్రభుత్వాన్ని, ఒక ప్రభుత్వ సంస్థను, పోలీసులను, వేల కోట్ల విలువచేసే భూమి మీద ఆశ పెట్టుకున్నవాళ్ళను పేరెత్తకుండానే నిలదీశాడు. వాళ్ళెవరికీ “ఫీలవ్వొద్దు” అనలేదు. ఒక హీరోగారి సెకండాఫ్‌ను ఒక మాట అన్నందుకు మాత్రం చేతులు జోడించాడు. కారణం స్పష్టం. ప్రభుత్వం కామెంట్లలోకి వచ్చి అమ్మనీ ఆలినీ తిట్టదు. ఫ్యాన్స్ వస్తారు. కవి భయం ధర్మాన్ని బట్టి కాక, దూరాన్ని బట్టి నడిచింది.

కానీ లెక్క తప్పింది. నోటీసులు వచ్చింది సెకండాఫ్ ల్యాగ్ అన్నవాళ్ళకు కాదు, జింక బొమ్మ షేర్ చేసినవాళ్ళకు. క్షమాపణ అతికించాల్సిన పాదం ఒకటి, అతికించిన పాదం ఇంకొకటి. ఇది కొత్త ముచ్చటా కాదు. 2013 మేలో చీరాల ఎమ్మెల్యే మీద ఫేస్‌బుక్ పోస్టు పెట్టినందుకు హైదరాబాదుకు చెందిన ఒక హక్కుల కార్యకర్తను ఐటీ చట్టం 66ఏ సెక్షను కింద అరెస్టు చేశారు. 2015 మార్చి 24న సుప్రీంకోర్టు ఆ సెక్షనునే కొట్టేసింది. సెక్షను పోయింది గాని పోస్టుకు పోలీసు స్టేషన్ దారి మూసుకుపోలేదు.

శంకా సమాధానాలు

శంక: ఇదంతా కంటితుడుపే అయినప్పుడు ఇక మంచి మాట షేర్ చేయడమే మానాలా?

సమాధానం: అక్కర్లేదు. 2014లో అమెరికాలో తల మీద చన్నీళ్ళు గుమ్మరించుకునే ఐస్ బకెట్ ఛాలెంజ్ చూసి లోకం నవ్వింది. ఆ వేసవిలోనే ఏఎల్ఎస్ అనే నరాల జబ్బు మీద పనిచేసే అక్కడి సంఘానికి సుమారు 11.5 కోట్ల డాలర్లు చేరాయి, ఆ డబ్బులో ఎక్కువ భాగం పరిశోధనకు వెళ్ళింది. అదే ఆగస్టులో హైదరాబాదు పాత్రికేయురాలు మంజులత కళానిధి నీళ్ళ బకెట్టు తీసి బియ్యం బకెట్టు పెట్టారు. అవసరమున్న ఒకరికి బకెట్టెడు బియ్యం ఇవ్వండి, ఫొటో పెట్టండి, ఇంకొకరిని పిలవండి అన్నారు. ఇందులో పేరు మోజు లేదని కాదు. ఫొటో ఉంది, ట్యాగు ఉంది, చప్పట్లు ఉన్నాయి. కానీ ఫొటో తీయాలంటే ముందు బియ్యం ఇంట్లోంచి బయటికి రావాలి. మోజుకు కొలపాత్ర కట్టిన ప్రయోగం అది.

శంక: నోరు మెదపకపోతే “నువ్వెందుకు మాట్లాడలేదు” అంటున్నారు కదా?

సమాధానం: అంటారు. మాట్లాడకపోవడం తప్పన్న భయంతో మాట్లాడిన మాట ఎట్లా ఉంటుందో 2020 జూన్ 2న తెలిసింది. అమెరికాలో జార్జ్ ఫ్లాయిడ్ హత్యకు నిరసనగా ఇన్‌స్టాగ్రామ్‌లో 2.8 కోట్లకు పైగా నల్ల చతురస్రాలు పెట్టారు. చాలామంది దానికి ఆ నిరసనోద్యమం ట్యాగునే తగిలించారు. ఆ ట్యాగు నొక్కి ఊరేగింపు ఎక్కడ, సాయం చేసేదెవరు అని వెతికినవాళ్ళకు తెరనిండా నలుపే కనబడింది. మద్దతు ఇస్తున్నామనుకుని దారి మూశారు. గుంపులో గోవిందా అన్నప్పుడు గోవిందుడికి వినబడేది గుంపే.

తాత్పర్య నిర్ణయం

వాక్యానికి అసలు తాత్పర్యం ఏమిటో తేల్చడానికి మీమాంసకులు ఆరు లింగాలు చెప్పారు. వాటిని మూలానికి పట్టించి చూద్దాం.

ఉపక్రమోపసంహారాలు: మొదలూ చివరా ఒకే సంగతి మీద ఉండాలి. ఇక్కడ మొదలు అడవి, చివర ఫ్యాన్స్. కనుక తాత్పర్యం అడవిలో లేదు.

అభ్యాసం: మళ్ళీ మళ్ళీ దేన్ని ఎత్తుకున్నాడు? కామెంట్లలో సినిమా గురించి అడిగిన ప్రతివాడికీ పేరు పెట్టి పిలిచి జవాబిచ్చాడు. అడవి గురించి అడిగినవాళ్ళకు దండం ఎమోజీ.

అపూర్వత: వేరే చోట దొరకని సంగతి ఏదైనా చెప్పాడా? అడవి పాదాల్లో లేదు. బీజీఎమ్ కేక అన్నది మాత్రం ఆ పూటకు కొంత కొత్తే.

ఫలం: లైకులు. వాటిలో సగం అత్తయ్య బాపతు, అనగా పుట్టినరోజు అనుకుని కొట్టినవి.

అర్థవాదం, అనగా పొగడ్త: “హ్యాట్సాఫ్ రా”, “నీలాంటోళ్ళు ఉండాలి”, “కరెక్టుగా చెప్పావన్నా, సెకండాఫ్ నిద్రే”.

ఉపపత్తి, అనగా హేతువు: సినిమాకు ఉంది. అడవికి జింక కన్నీరే హేతువు.

ఆరూ కలిపి తేల్చేది ఇది: నేనున్నాను, నాకూ మనసుంది, మార్నింగ్ షో నేనూ చూశాను. ఇదే పద్యం చెప్పదలచిన అర్థం.

ఇది నేరమా? కాదు. కావ్యం దేనికి రాస్తారంటే మమ్మటుడు మొట్టమొదట చెప్పింది కీర్తి కోసమనే. డబ్బు, లోకజ్ఞానం, కీడు తొలగడం తరువాతి వరసలో వచ్చాయి. కీర్తి కోరినందుకు కాళిదాసును తప్పు పట్టనివాళ్ళం మన కవిని పట్టనక్కర్లేదు.

చిక్కు ఇంకోచోట ఉంది. పోస్టు తనను తాను కావ్యమనుకుంటోంది. నిజానికి అది టీక. మూలం దాని బయట ఉంది, నేల మీద ఉంది. కంచ గచ్చిబౌలి విషయంలో మూలం రాసినవాళ్ళు జేసీబీల ముందు కూర్చున్న విద్యార్థులు. 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఈ సంగతిని తనంతట తాను చేపట్టింది. కోర్టుకు సహాయకుడిగా ఉన్న న్యాయవాది అక్కడ పెట్టింది పత్రికల వార్తలు, జింక బొమ్మలు కావు. హైకోర్టు రిజిస్ట్రారు ఆ రోజే వెళ్ళి చూసి వచ్చారు. సుమారు 100 ఎకరాల్లో పచ్చదనం పోయిందని తేలింది. సెలవుల్లో అంత తొందర ఏమొచ్చిందని కోర్టు అడిగి, చెట్ల రక్షణ తప్ప మరే పనీ చేయవద్దంది. ఆ వార్తలకు అంత చోటు దొరకడంలో పోస్టుల హోరుకు వాటా లేదనలేం. హోరుకు అడుగున నిజం ఉన్నంత మేరకు అది బలమైంది, నిజం లేనంత మేరకు ఎదుటివాడి చేతికి కర్ర అయింది.

సిద్ధాంతం

అందుచేత కొత్త శాస్త్రమేమీ అక్కర్లేదు. మల్లినాథుడి రెండు ఒట్లు చాలు. మూలంలో లేనిది రాయను అన్న మొదటి ఒట్టుతో కన్నీటి జింక పోతుంది. అక్కర్లేనిది చెప్పను అన్న రెండో ఒట్టుతో బైదవే పోతుంది. సినిమా మాట వేరే పోస్టుగా, ఏ క్షమాపణా లేకుండా, “నరకం” అన్న మొదటి పాఠంతోనే దర్జాగా నిలబడుతుంది. పోగా మిగిలేది ఈ మాత్రం: సర్వే నంబరు 25, 400 ఎకరాలు, పండగ సెలవుల్లో చెట్లు కొడుతున్నారు, హైకోర్టులో పిల్ ఉంది, అడ్డుకున్న విద్యార్థుల్ని పోలీసులు తీసుకెళ్ళారు, నేను చూసింది ఇది, చూడనిది ఇది.

ఇందులో రసం లేదు. పెద్దమ్మకు ముద్దు రాదు. అత్తయ్య దీవించదు. కానీ చదివినవాడికి ఏం చేయాలో తెలుస్తుంది, నోటీసు వస్తే చూపడానికి ఆధారం ఉంటుంది. బాబాయికి జవాబు చెప్పడానికి కూడా ఒక సర్వే నంబరు చేతిలో ఉంటుంది.

గద్య

ఇది శ్రీమదంతర్జాల వరప్రసాద లబ్ధ సంకేత పద వైభవ, నిత్య స్క్రోలన క్షీణిత నేత్రద్వయ, ఉభయ గ్రూపు నిష్కాసిత, ఛార్జరు సమీప నివాస వ్యాఖ్యాతృ ప్రణీతంబైన షేరార్థ దీపిక యందు సర్వంబు నేకాశ్వాసము. దీనిని షేర్ చేయువారు ముందు మూలము చూచి, పిమ్మట చేయుదురు గాక.